కొమురమ్మ పంటిలో జాగా

మీ అమ్మ ఏ పక్క నములుతుందో మీకు తెలుసా?

ఆమెకు ఏ రంగు చీరంటే ఇష్టమో, పప్పులో చింతపండు ఎంత పిండుతుందో కాదు అడిగింది. కుడి దవడా, ఎడమ దవడా? గొంతు సవరించుకుంటున్నారంటే తెలియదనే అర్థం. శ్రీలతకు కూడా తెలియదు. యూనివర్సిటీలో ఎక్కడ మైకు కనబడితే అక్కడ నిలబడి, నీళ్ల లెక్కా కొలువుల లెక్కా తడబడకుండా చెప్పగల పిల్ల ఆమె. ఆ పిల్లకు తన కన్నతల్లి ఏడాదికి పైగా ఎడమ పక్కనే నములుతున్న సంగతి తెలియదు. అందుకే ఆ తల్లి కథ వినండి.

ఆమె పేరు కొమురమ్మ. జనగామ దిక్కు నుంచి వచ్చి మూసాపేటలో ఒక్క గది కిరాయికి తీసుకొని ఉంటుంది. పొద్దు పొడవకముందే లేచి, నల్లా నీళ్లు పట్టి, బియ్యం ఎసట్లో పోసి, గోరువెచ్చని ఉప్పునీళ్లు కుడి బుగ్గలో పోసుకుంటుంది. బుగ్గలో నీళ్లుండగానే చాయ పెడుతుంది, మొగుణ్ని భుజం తట్టి లేపుతుంది, గడప ఊడుస్తుంది. నీళ్లు చల్లారినంక ఉమ్మేసి, మెడికల్ షాపువాడిచ్చిన నొప్పిగోలీని సగానికి విరిచి మింగుతుంది. మిగిలిన సగం కొంగున ముడేసుకుంటుంది, మధ్యాహ్నానికి.

మొగుడు యాదయ్య షేర్ ఆటో నడుపుతాడు. పొద్దున మొదటి ట్రిప్పు పెళ్లాందే. కేపీహెచ్‌బీ మీదుగా, హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దాటి, మాదాపూర్‌లో ఓ అద్దాల మేడ వెనక గేటు దగ్గర దింపుతాడు. తొవ్వ పొడుగునా గుంతలే. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా కొమురమ్మ చెంప పట్టుకుంటుంది. యాదయ్య అద్దంలోంచి వెనక కూర్చున్న పాసింజర్లను చూస్తాడు గానీ పక్కన కూర్చున్న పెళ్లాన్ని చూడడు.

"పీకిచ్చుకుంటనయ్యా," అని ఆమె ఒకటి రెండుసార్లు అన్నది.

"దవడ పన్ను పీకిస్తె కండ్లు పోతయే. మా మేనత్తకు గట్లనే పోయినయి," అన్నాడాయన. మేనత్తకు అప్పటికి డెబ్బయ్యేండ్లు దాటాయన్న మాట మాత్రం చెప్పలేదు.

అద్దాల మేడలో ఆమెది హౌస్‌కీపింగ్ పని. తుడవాలి, కడగాలి, చెత్తబుట్టల్లో సంచులు మార్చాలి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఏసీ గాలి నేరుగా వచ్చి పంటికి తగులుతుంది. అందుకని ఆమె ఆ అంతస్తుల్లో నోరు తెరిచేది కాదు. కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలంతా ఆమెను మితభాషి అనుకున్నారు. పలకరిస్తే మూసిన పెదాలతో నవ్వేది. ఎంత ఓపికగల మనిషో అని మెచ్చుకునేవారు.

కుడి పక్క కింది దవడలో చివరి నుంచి రెండో పన్ను అది. పైనుంచి చూస్తే మిరియపు గింజంత నల్లమచ్చ. అందులోకి ముందు పోయింది లవంగం. నొప్పికని పెట్టుకున్నది కాస్తా లోపలికి జారి మళ్లీ కనబడలేదు. రెండోదీ అంతే. ఓ రోజు యూనిఫాం కోటు వేసుకుంటూ పిన్నీసు పళ్ల మధ్య పట్టుకుంటే అదీ జారింది. కొమురమ్మ చిటికెన వేలు పెట్టి వెతికింది. కణుపు దాకా పోయింది వేలు. ఇంకాస్త నెడితే చెయ్యంతా లోపలికి పోయింది. లోపల పిన్నీసు దొరికింది. బోలెడు జాగా కూడా దొరికింది.

మర్నాటి నుంచి ఆమె ఇంటి తాళంచెవి అక్కడే పెట్టుకుంది. కొంగున కట్టుకుంటే పనిలో ఊడిపోతోంది మరి.

తోటి పనామె రత్నమ్మ అది చూసి, "అక్కా, జర నా ఫోన్ గూడ వెట్టుకో," అన్నది. హౌస్‌కీపింగ్ వాళ్లు పై అంతస్తులకు ఫోన్లు తీసుకుపోకూడదని రూలు. గేటు దగ్గర సంచీలు దులుపుతారు, టిఫిన్ డబ్బాలు తెరిపిస్తారు, పళ్లు మాత్రం ఎవరూ చూడరు. అట్లా రత్నమ్మ ఫోను, ఇంకొకామె ఫోను, గేటు కాడ వాచ్‌మన్ ఈశ్వరయ్య కళ్లజోడు, ఇట్లా ఒకటొకటే చేరాయి. పెట్టేటప్పుడు అందరూ ఒకే మాట అనేవారు: "జర, సాయంత్రం దాంక."

చల్లటి వస్తువు తగిలితే కొమురమ్మకు చెవి దాకా సలుపు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

సూపర్‌వైజర్ పుణ్యవతిది గుంటూరు వైపు. కేపీహెచ్‌బీలో ఉంటుంది. ఆ యేడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి, రోడ్ల మీద ఊరేగింపులు, చౌరస్తాల్లో ధర్నాలు. పుణ్యవతి ఓ సాయంత్రం కొమురమ్మను స్టోర్ రూములోకి పిలిచి మెడలోంచి గొలుసు తీసింది.

"కొమురమ్మ గారూ, గొడవలు సద్దుమణిగేదాకా ఇది మీ దగ్గరుంచండి. రోజూ అంత దూరం నడిచెళ్లాలంటే భయమేస్తందండి."

"నిన్ను ఎవలేమంటరమ్మా?"

"ఎవరూ ఏమీ అనరండి. అయినా భయం భయమేగా."

కొమురమ్మ నోరు తెరిచింది. గొలుసు మంచుముక్కలా పోయి నరం మీద పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు ఏడవకండి, నేనేం మిమ్మల్ని అనుమానించట్లేదు," అన్నది పుణ్యవతి.

ఇక శ్రీలత సంగతి. హాస్టల్ నుంచి వారానికో పదిరోజులకో మూసాపేటకు వచ్చేది. వస్తూ కరపత్రాల కట్ట తెచ్చేది. అద్దాల మేడ లోపలికి జెండాలు, బ్యాడ్జీలు, కాగితాలు ఏవీ రానివ్వడం లేదని, లోపల పనిచేసే మన పిల్లలకు అవి చేరాలని ఆమె పట్టు. తల్లి పన్ను ఉన్నది కదా.

"నోరు తెరువమ్మా," అనేది, గడప లోపల చెప్పులు విడవకముందే.

అట్లా వచ్చిన ఓ ఆదివారం పొద్దున కొమురమ్మ బిడ్డ జడ అల్లుతూ మెల్లగా అడిగింది. "బిడ్డా, పన్ను బాగ సతాయిస్తున్నది. నాకు గా పెద్ద దవాఖానల ఏడ చీటీ రాయిచ్చుకోవాలెనో తెల్వది. జర తోలుకపోతవా?"

"జర ఆగమ్మా. తెలంగాణ రానీ. అన్ని దవాఖానలు మనయే."

"అప్పటిదాంక ఆగుతదా ఇది?"

"అరవై ఏండ్లు ఆగినం, ఇంక నాలుగొద్దులు ఆగలేమా?" అని శ్రీలత లేచింది. జడ సగమే అయింది.

ఆ మధ్యాహ్నం మూసాపేట చౌరస్తాలో వంటా-వార్పు. రోడ్డు మీదనే రాళ్ల పొయ్యిలు పెట్టి, గంగాళాల్లో అన్నం, పప్పు, వంకాయకూర వండి, ట్రాఫిక్కు నడిమిట్లో కూర్చొని తినడం. డప్పులున్నాయి, పాటలున్నాయి, బతుకమ్మలు పేర్చిన ఆడవాళ్లున్నారు. కొమురమ్మ ముందు వరసలో విస్తరి పట్టుకొని కూర్చున్నది. శ్రీలత లారీ ఎక్కి మైకు పట్టింది.

"నొప్పి ఏడున్నదో పడేటోనికే తెలుస్తది. పక్కనోడు జర ఆగుమంటడు. నిన్న ఆగుమన్నడు, ఇయ్యాల ఆగుమంటున్నడు. నొప్పి ఆగుతదా? లోపల్లోపల తింటనే ఉంటది. పైకి మంచిగనే కనవడ్తది. లోపల అంతా బోలు. ఎన్నేండ్లు ఆగాలె మనం?"

సరిగ్గా అప్పుడే కొమురమ్మ ముద్దలో రాయి వచ్చింది. అదీ కుడి పక్కకే. ప్రాణం జివ్వుమని కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. లారీ మీది నుంచి శ్రీలత చూసింది. తన మాట తల్లి గుండెకు తగిలిందనుకుంది. ఆ పిల్లకు పూనకం వచ్చినట్టయింది.

"మా అమ్మను చూడుండ్రి," అన్నది చెయ్యి చాపి. "పన్ను పుచ్చి గోసపడుతున్నది. పీకిచ్చుకొమ్మంటె ఏమన్నదో ఎరుకేనా? తెలంగాణ వచ్చినంకనే పీకిచ్చుకుంటనన్నది. ఒకలు గడ్డం పెంచుతరు, ఒకలు చెప్పులిడుస్తరు. మా అమ్మ పన్ను మొక్కింది."

చప్పట్లు మారుమోగాయి. బస్తీ కమిటీ పెద్దమనిషి నర్సింహ బంతిపూల దండ తెచ్చి కొమురమ్మ మెడలో వేశాడు. డప్పు ఆమె చెవి పక్కనే మోగింది. ఆమె ఏదో చెప్పబోయింది. నోట్లో అన్నం ఉంది, రాయి ఉంది, పంటిలో కరపత్రాలున్నాయి. మెడలో దండ వేసినంక డాక్టరు దగ్గరికి ఏ ముఖంతో పోతారు?

"అమ్మ నా స్పీచుకు ఏడ్చింది," అని శ్రీలత ఆ సాయంత్రం దోస్తులకు చెప్పుకున్నది.

మొక్కుకున్న పన్ను కాబట్టి అది ఇక ఊరందరిదీ అయింది. కమిటీ వాళ్లు జెండాల మూట ఇచ్చారు. బ్యానరొకటి ఇచ్చారు, మడతపెట్టి. ఎవరో డప్పు కూడా తెచ్చారు గానీ నర్సింహే వద్దన్నాడు, వాన వచ్చినప్పుడు పెట్టుకుందాంలే అని. కొమురమ్మ అన్నం తగ్గించి గంజికి దిగింది. సగం గోలీ చాలక నిండు గోలీ అయింది. బుగ్గ కొంచెం పెరిగింది. "ఒళ్లు చేసినవక్కా," అన్నది రత్నమ్మ.

సమ్మె నడుస్తుండగానే ఓ రోజు సైబర్ టవర్స్ చౌరస్తాలో విద్యార్థుల మానవహారం. చేతులు చేతులు పట్టుకొని రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. అందులో శ్రీలత ముందే ఉంటుందని వేరే చెప్పాలా? కాసేపటికి పోలీసు బండ్లు వచ్చాయి. లాఠీలు లేచాయి, హారం తెగింది. ఎటు దారి దొరికితే అటు ఉరికారు పిల్లలు.

కొమురమ్మ అద్దాల మేడ వెనక తడిచెత్త డ్రమ్ములు కడుగుతోంది. ప్రహరీ సందులోంచి బిడ్డ వచ్చింది. చున్నీ లేదు, మోచెయ్యి గీరుకుపోయింది.

"అమ్మా, వెనకనే వస్తున్నరు. ఇద్దరు ముగ్గురిని దొరకవట్టి పేర్లు రాసుకున్నరు. కేసైతే పరీక్ష రాయనియ్యరు."

కొమురమ్మ చేతులు కోటుకు తుడుచుకొని నోరు తెరిచింది. శ్రీలత ఒక చెయ్యి పెట్టింది, తల వంచింది, భుజం పక్కకు తిప్పింది, అంతే. చివరికి హవాయి చెప్పు ఒకటి బయట పడిపోతే కొమురమ్మ తీసి దాన్నీ లోపల వేసి నోరు మూసింది.

మూసినంక తెలిసింది నొప్పంటే ఏమిటో. అప్పటిదాకా పడ్డది దీని ముందు ఏం లెక్క? గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

సబ్ ఇన్‌స్పెక్టరూ ఓ కానిస్టేబులూ వచ్చారు. వెనక ఈశ్వరయ్య, ఆ వెనక ఐడీ కార్డు సర్దుకుంటూ పుణ్యవతి.

"ఒక పిల్ల ఇటు ఉరికొచ్చింది. చూసినవా?"

కొమురమ్మ తల అడ్డంగా ఊపింది.

"నోట్లె ఏమున్నది? మాట్లాడవేంది?"

"పన్ను నొప్పి సార్," అన్నాడు ఈశ్వరయ్య. "ఏడాది సంది గట్లనే ఉన్నది."

కానిస్టేబుల్ ముఖం మెత్తబడింది. "లవంగం వెట్టుకున్నవా? జామాకు నమిలి ఉమ్మేయి. మా ఇంటామెకు గట్లనే తగ్గింది."

"ఆగవయ్యా," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు. "వంటా-వార్పు కాడ దండేసిన పన్ను ఇదే గదా? ఏమమ్మా, నోరు తెరువు."

కొమురమ్మ పెదాలు బిగించింది. పుణ్యవతి ఆమె బుగ్గను చూసింది. ఆ బుగ్గ పొద్దున ఉన్నంతే లేదు, దానికి రెండింతలుంది. నేల మీద తడిలో ఒంటికాలి చెప్పు గుర్తు చూసింది. అక్కడితో మిగతాది అర్థమైంది.

"తెరిపించండి సార్," అన్నది పుణ్యవతి ముందుకొచ్చి. "కాకపోతే అందులో నా బంగారపు గొలుసుందండి. మా అమ్మమ్మ కాలం నాటిది. మీరు తెరిపించినాక అది కనపడకపోతే ఎవరు జవాబుదారో ముందు ఆ మాట చెప్పండి. మా స్టాఫ్ ఫోన్లున్నాయి, ఈయన కళ్లజోడుంది. అన్నీ మీ ఎదురుగా లెక్క చూసుకుని మీరు సంతకం పెడితే మాకేం అభ్యంతరం లేదండి."

సబ్ ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల గోక్కున్నాడు. సంతకమన్న మాటతో ఆయనకు అవతలి వీధి గుర్తొచ్చింది. "అటు చూద్దాం నడు," అన్నాడు కానిస్టేబుల్‌తో.

వాళ్లు మలుపు తిరిగినంక పుణ్యవతి గొంతు తగ్గించింది. "మీ అమ్మాయి ఉపన్యాసం మా కాలనీ దాకా వినపడుద్దండి. మమ్మల్ని తిట్టకుండా ఒక్కరోజు ఉండదు. ఏం చేస్తాం, పరీక్షలు రాసే పిల్ల. ఇంటికెళ్లండి. హాజరు నేను చూసుకుంటాను."

యాదయ్య ఆటో తెచ్చాడు. కొమురమ్మ వేలితో బుగ్గ చూపించింది.

"మళ్ల నొస్తున్నదా?"

ఆమె బిడ్డ జడంత పొడుగు చేత్తో గాలిలో చూపి, మళ్లీ బుగ్గ చూపింది. యాదయ్యకు తెలిసింది. అప్పటి నుంచి ఆయన ఆటో నడిపిన తీరు చూడాల్సిందే. గుంత కనబడితే ఆగాడు. స్పీడ్ బ్రేకరొస్తే దిగి తోసినంత పని చేశాడు. వెనక నుంచి హారన్లు కొట్టినోళ్లను, "లోపల బిడ్డ ఉన్నది, కనవడ్తలేదా?" అని తిట్టాడు. కొమురమ్మ ఆయన్నే చూస్తూ కూర్చున్నది. ఏడాది పొడుగునా ఇవే గుంతలు. ఇదే పన్ను.

కేపీహెచ్‌బీ దాటుతుంటే ఒక వింత జరిగింది. వింతంటే వింతే, ఆమెకు నొప్పి తగ్గింది. పూర్తిగా కాదు, కుండ మీది నుంచి మూత కొంచెం జరిపినట్టు. కాసేపటికి ఇంకొంచెం. లోపల ఎవరో సామాను ఎత్తి పక్కన పెడుతున్నట్టు, ఒత్తుతున్నదాన్ని వీపు ఆనించి అవతలికి ఆపుతున్నట్టు తెలుస్తోంది. కూకట్‌పల్లి దాటే వరకూ ఆ సద్దు ఆగలేదు. కొమురమ్మకు కునుకు పట్టింది. నొప్పి లేకుండా నిద్ర వచ్చి ఎన్నాళ్లయిందో.

మూసాపేటలో గది తలుపు వేసి నోరు తెరవబోతే దవడ తెరుచుకోలేదు. బిగుసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. చెంప గట్టిగా, ఎర్రగా, మెరుస్తూ ఉంది. యాదయ్య ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టాడు. బిడ్డ లోపలుంది, పెళ్లాం కాలిపోతోంది, ఎవరి కోసం ఏడవాలో తెలియలేదు. చాలాసేపటికి రెండు వేళ్ల సందు తెరుచుకుంది. ఆ సందులోంచి ముందు చెయ్యి వచ్చింది. యాదయ్య పట్టుకొని లాగాడు.

శ్రీలత బయటికి వచ్చి గచ్చు మీద కూర్చున్నది. ఒళ్లంతా లవంగం వాసన, కిందనే మురిగిన వాసన. వీపు మీద గుడ్డ తడిసి ఉంది. పిల్ల ఏమీ మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం తల్లిదండ్రులకు కొత్త.

"పోలీసోళ్లు పోయిండ్రు బిడ్డా," అన్నాడు యాదయ్య.

శ్రీలత తల్లి వైపే చూస్తోంది. "ఎన్నొద్దుల సందమ్మా?"

కొమురమ్మ బిగుసుకున్న పళ్ల మధ్య నుంచే చెప్పింది. "నువ్వు యూనివర్సిటీల చేరినప్పటి సంది."

"చెప్పలేదేంది?"

"చెప్పిన. నువ్వు మీటింగ్ అంటివి."

శ్రీలత అరచేతులు చూసుకుంది. "లోపల ఒక దిక్కు గోడ లేదు బాపూ. సన్నని ఎర్రటి పొర ఒక్కటే ఉన్నది. అది కొట్టుకుంటున్నది. చెయ్యి వెడితే వణుకుతున్నది. అందరి సామానూ దాని మీదికే ఒరిగి ఉన్నది. అన్నిటికన్న ముంగట, దానికి ఆనుకొని..." ఆగింది. "నా కరపత్రాల కట్ట ఉన్నది."

కొమురమ్మ చెయ్యి చాపి బిడ్డ జడలోంచి లవంగం తీసింది.

"నడు," అన్నది శ్రీలత లేచి. "దవాఖానకు."

"సమ్మె గదనే," అన్నది కొమురమ్మ.

"నొప్పికి సమ్మె లేదు గదా."

మూసాపేట సందులో డాక్టర్ సంధ్య సగం షట్టరు దించుకొని కూర్చుంది. చిన్న క్లినిక్కు, ఒక్కటే కుర్చీ. టార్చి వేసి చూసింది, దవడ కింద మెడ దాకా వేళ్లతో నొక్కింది. ముఖం మారింది.

"చీము కిందికి దిగుతున్నది. ఇంక రెండొద్దులు ఆగితే గొంతుకు వస్తుండె. అప్పుడు ఊపిరే ఆడకపోవు. ఇంతదాంక ఎట్ల ఆగిండ్రమ్మా?"

శ్రీలత తల్లి చెయ్యి పట్టుకుంది.

"పన్ను పోతే కండ్లు..." అని గొణిగాడు యాదయ్య.

"కండ్లకు పండ్లకు సంబంధం లేదు పెద్దాయనా. పాణానికున్నది." సంధ్య చేతికి తొడుగులు వేసుకుంది. "చీము ఇప్పుడే తీస్త. గోలీలు రాస్త, వాపు తగ్గినంక పన్ను పీకుత. కాని ముందుగాల సామాను ఖాళీ చెయ్యాలె. ఇంట్ల మందిని పెట్టుకొని గోడ కూలగొడతమా?"

యాదయ్య ఆటో వేసుకొని కబురు చెప్పి వచ్చాడు. ఒక్కొక్కరే వచ్చి సందులో నిలబడ్డారు. సంధ్య పటకారుతో ఒక్కో వస్తువూ తీసి ఇస్తోంది, శ్రీలత తుడిచి అందిస్తోంది. రత్నమ్మ ఫోను తీసుకుంటూ, "మరి రేపటి సంది ఏడ వెట్టుకోవాలె?" అని అడిగి, కొమురమ్మ ముఖం చూసి నాలుక కరుచుకుంది. ఈశ్వరయ్య కళ్లజోడు పెట్టుకొని మొదటిసారి ఆ బుగ్గను సరిగ్గా చూశాడు. చూసి, జోడు తీసేశాడు.

పుణ్యవతి చీకటి పడకముందే నడుచుకుంటూ వచ్చింది. గొలుసు చేతిలో పడగానే ఉలిక్కిపడింది. "ఇదేంటండి, ఇంత వేడిగా ఉంది?"

"అమ్మకు జ్వరం," అన్నది శ్రీలత. తర్వాత తల ఎత్తి, "ఇందాక నన్ను కాపాడినవటక్కా," అన్నది.

"తిట్టేటప్పుడు గుర్తుంచుకో తల్లీ," అని పుణ్యవతి గొలుసు మెడలో వేసుకుంది, అది ఇంకా కాలుతుండగానే.

చివరికి నర్సింహ వచ్చాడు, వెనక నలుగురు కమిటీ వాళ్లు. జెండాల మూట అందుకున్నాడు గానీ కదల్లేదు.

"శ్రీలతా, మొక్కు మధ్యల ఇడిస్తె మంచిది గాదు బిడ్డా. మంది ఏమనుకుంటరు? కొమురమ్మ పన్ను మన ఉద్యమానికి ఒక గుర్తయింది. గోలీలు వాడుకుంట జర..."

"జర ఏంది పెద్దనాయినా?"

శ్రీలత క్లినిక్ మెట్టు మీద నిలబడింది. మైకు లేదు, గొంతు కూడా పెద్దగా లేదు. "అమ్మ మొక్కలేదు. అమ్మ తోలుకపొమ్మన్నది, గంతే. మొక్కింది నేను. నా పన్నుతోని గాదు, అమ్మ పన్నుతోని. ఆమెను అడగకుంట ఆమె నొప్పిని లారీ మీదికి ఎక్కిచ్చిన. మీరు దండేసిండ్రు. దండ ఏస్తె ఆమె నోరు మూతవడ్డది. మన నొప్పి మందికి తెలుస్తలేదని రోడ్ల మీద కూసున్నం గదా. మరి మన నడుమ కూసున్న మనిషి నొప్పి మనకెందుకు తెలువలే?"

నర్సింహ మూటను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మా ఇంటామెకు మోకాలు నొస్తదంటది. రెండేండ్లాయె," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. మూట పక్కవాడికిచ్చి ఇంటిదారి పట్టాడు.

వాపు తీసినంక, సమ్మె ఇంకా సాగుతుండగానే, ఒక పొద్దున సంధ్య ఆ పన్ను పీకింది. చూస్తే మక్కగింజంత ఉంది, అంతే. శ్రీలత అరచేతిలో పెట్టుకొని ఊపింది. లోపల ఏదో గలగలమన్నది. సూదితో తీస్తే మొట్టమొదట జారిపోయిన లవంగం. ఇంకా ఘాటుగానే ఉంది.

కొమురమ్మకు కండ్లు పోలేదు. మాట వచ్చింది. అద్దాల మేడలో పిల్లలు ఆశ్చర్యపోయారు, ఆమె ఇంత మాటకారి అని తెలియక. "సార్, కప్పు ఏడ తాగితే ఆడనే ఇడుస్తవా?" అని అడిగేది. ఫోన్లు దాచుకునే జాగా పోయిందని ఆడవాళ్లంతా కలిసి ఆఫీసుకు వెళ్లి అడిగితే, కింది అంతస్తులో తాళాలున్న అరలు పెట్టించారు. అందరి తరఫునా నోరు తెరిచి అడిగింది కొమురమ్మే.

యాదయ్య గుంతలు చూసి నడపడం మానలేదు. అలవాటైపోయింది.

శ్రీలత మైకూ వదల్లేదు, ఉద్యమమూ వదల్లేదు. కాకపోతే అప్పటి నుంచి ఏ సభలోనైనా మాట్లాడే ముందు ఒక్క నిమిషం ముందు వరసల్ని చూసేది. ఎవరైనా చెంపకు చెయ్యి పెట్టుకున్నారా, ఎవరైనా కాలు చాపలేక ముడుచుకొని కూర్చున్నారా అని. కనబడితే లారీ దిగిపోయేది. సభ ఆగేది. ఆగితే ఏం మునగలేదు, తెలంగాణ రానే వచ్చింది. వచ్చిన రోజు అదే మూసాపేట చౌరస్తాలో పటాకులు కాలుస్తుంటే కొమురమ్మ ఓ పక్కకు కూర్చొని కాల్చిన మక్కకంకి కొరుక్కొని తిన్నది. కాసేపు ఎడమ పక్క, కాసేపు కుడి పక్క. పన్ను లేని చోట కూడా నమిలి చూసింది. ఏమీ నొప్పి లేదు. ఎదురుగా కూర్చున్న బిడ్డ ఆ నమలడాన్నే చూస్తోంది.

ఇప్పుడు మీ వంతు. ఈ పూట అన్నం దగ్గర ఫోను పక్కన పెట్టి మీ అమ్మకు ఎదురుగా కూర్చోండి. ఏ పక్క నములుతుందో చూడండి. ఒక్క పక్కే అయితే నోరు తెరవమనండి. ఏం లేదంటుంది, నమ్మకండి. జర ఆగమంటుంది, ఆగకండి. ఆమె చెప్పులు మీరే గడప ముందు పెట్టి, చెయ్యి పట్టుకొని దవాఖానకు తీసుకుపోండి.